షెర్మన్ డే థాచర్

షెర్మన్ డే థాచర్ (1861 – 1931) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన నారింజ రైతు, విద్యావేత్త. ఈయన కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓహై లోయలో 1889లో థాచర్ పాఠశాలను స్థాపించి, మరణించేవరకు, అంటే నలభై రెండు సంవత్సరాలపాటు దానిని నడిపించాడు. చదువుతోపాటు ప్రతి విద్యార్థీ ఒక గుర్రాన్ని స్వయంగా పోషించాలన్న నియమం ఈ పాఠశాలకు ప్రత్యేకత. ఆ నియమం నేటికీ అమలులో ఉన్నది. తెలుగువారికి ఓహై అన్న పేరు మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి నివాసంగా పరిచయం. ఆయన అక్కడ అడుగుపెట్టడానికి ముప్పై ఐదేళ్ళ ముందే థాచర్ ఆ లోయలో స్థిరపడ్డాడు.

వంశము, విద్యాభ్యాసము

థాచర్ 1861లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ ఆంథొనీ థాచర్ యేల్ కళాశాలలో దీర్ఘకాలం లాటిన్ ఆచార్యుడుగా పనిచేసినవాడు. ఇంట్లో అన్నదమ్ములు చాలామంది. ఆ ఇంటిలో పుట్టిన మగపిల్లవాడు యేల్‌లో చదవడం, ఆ తరువాత న్యాయవాద వృత్తిలోనో అధ్యాపకవృత్తిలోనో కుదురుకోవడం అనుకున్న దారి. షెర్మన్ కూడా ఆ దారినే నడిచాడు. 1883లో యేల్ నుండి పట్టా పుచ్చుకొని, 1886లో అక్కడే న్యాయశాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరం తండ్రి మరణించాడు.

అయితే న్యాయవాద వృత్తి ఆయనను ఎక్కువకాలం నిలుపుకోలేకపోయింది. ఉపాధ్యాయుడు కావాలన్న ఉద్దేశ్యం కూడా ఆయనకు అప్పటికి ఉన్నట్లు కనిపించదు.

ఓహై లోయకు రాక

1887లో అనారోగ్యంతో ఉన్న సోదరునికి తోడుగా థాచర్ కాలిఫోర్నియాకు వచ్చాడు. ఇది ఆ కాలానికి వింత ప్రయాణం కాదు. క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నప్పటికీ, దానికి సరైన మందు రావడానికి మరో అరవై ఏళ్ళకు పైగా పట్టింది. అందాకా ఊపిరితిత్తుల జబ్బులకు, నీరసానికి, నరాల బలహీనతకు వైద్యులు చెప్పగలిగిన చికిత్స ఒక్కటే: పొడిగాలి, ఎండ, విశ్రాంతి. ఇరవయ్యో శతాబ్దపు రెండవ దశకంలో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానటోరియం వెలసినది కూడా ఈ నమ్మకం మీదనే. దక్షిణ కాలిఫోర్నియాకు ఈ ఖ్యాతి తెచ్చిపెట్టినవారిలో ముఖ్యుడు చార్లెస్ నార్డాఫ్ అనే పత్రికా రచయిత. 1870 దశకంలో ఆ ప్రాంతపు వాతావరణాన్ని పొగుడుతూ ఆయన రాసిన పుస్తకం తూర్పు రాష్ట్రాల రోగులను పెద్దఎత్తున పడమటికి రప్పించింది. 1874లో ఓహై లోయలో వెలసిన ఊరికి ఆయన పేరే పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ పేర్లపై విముఖత పెరగడంతో 1917లో నార్డాఫ్ పేరు తీసివేసి ఆ ఊరిని ఓహై అన్నారు.

ఓహై అన్నది స్థానికులైన చూమాష్ జాతివారి భాషనుండి వచ్చిన మాట. చంద్రుడు అని దానికి అర్థం చెబుతారు. లోయ మొదట ఆ జాతివారిది. మెక్సికో పాలనలో 1837లో ఫెర్నాండో టీకో అనే వ్యక్తికి దీనిని దఖలు చేశారు. అమెరికా పాలన వచ్చాక ఆ భూమి ముక్కలై చేతులు మారింది. థాచర్ వచ్చేనాటికి లోయలోకి రైలు లేదు. వెంచురా పట్టణానికి 1887లో రైలు వచ్చింది. అక్కడినుండి సుమారు 24 కిలోమీటర్లు గుర్రపుబండి మీద రావలసిందే. 1898లో గాని లోయలోకి రైలు రాలేదు.

థాచర్ లోయ తూర్పు చివర, టోపటోపా పర్వతాల పాదాన రాళ్ళతో నిండిన వాలునేలను ఎంచుకున్నాడు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం ప్రకారం ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమిలో 160 ఎకరాల వరకు ఎవరైనా దరఖాస్తు చేసుకొని, అయిదేళ్ళు అక్కడ కాపురముండి సాగుచేస్తే పట్టా పొందవచ్చు. అలా మొదలైన క్షేత్రానికి ఆయన పెట్టిన పేరు కాసా దె పియెద్రా. స్పానిష్ భాషలో రాతి ఇల్లు అని అర్థం. ఆ నేలను చూసినవారెవరికైనా పేరు సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది.

ఇక్కడ ర్యాంచి అన్న మాటను గురించి కొంత చెప్పుకోవాలి. సినిమాల వల్ల ఈ మాట వినగానే మనకు వేల పశువులు, వాటిని తోలే కౌబాయ్‌లు గుర్తుకు వస్తారు. కాలిఫోర్నియాలో ఈ మాటకు ఇంకా విశాలమైన అర్థం ఉన్నది. మనం నారింజ తోట, నిమ్మ తోట అనేచోట అక్కడివారు నారింజ ర్యాంచి, నిమ్మ ర్యాంచి అంటారు. థాచర్ ఈ అర్థంలోనే ర్యాంచరు. గుర్రాలు, బండ్లు, పాడి ఉన్నా ఆయన ముఖ్యమైన పంట నారింజ.

తోట నుండి బడికి

నారింజ సాగు ఓపికతో కూడిన పని. మొక్క నాటిన నాలుగైదేళ్ళకు గాని చెప్పుకోదగ్గ కాపు రాదు. ఈలోగా రాళ్ళు ఏరాలి, కాలువలు తవ్వాలి, నీరు తేవాలి, కూలి చెల్లించాలి. చలికాలంలో బరువైన చల్లని గాలి లోయ అడుగున పేరుకొని లేత చెట్లను మాడ్చివేస్తుంది. వాలు మీద ఉన్న తోటలకు ఆ బెడద తక్కువ. థాచర్ ఎంచుకున్న చోటికి ఉన్న మేలు అదే, రాళ్ళు అందుకు ప్రతిగా వచ్చిన కష్టం.

తోట మీద రాబడి లేని ఈ దశలో, 1889లో యేల్ ఆచార్యుడు హెన్రీ ఫార్నమ్ నుండి ఒక ఉత్తరం వచ్చింది. తమ బంధువుల కుర్రవాణ్ణి కొంతకాలం దగ్గర ఉంచుకొని, యేల్ ప్రవేశపరీక్షకు తయారు చేయగలరా అన్నది దాని సారాంశం. థాచర్ ఒప్పుకున్నాడు. నిజానికి పాఠశాల స్థాపన అంటే ఇంతే. శంకుస్థాపన లేదు, ప్రణాళిక లేదు. తోటలో పనిచేసుకుంటున్న యువకుని ఇంట్లో ఒక విద్యార్థి, లాటిన్ పుస్తకాలు, ఎక్కడికి వెళ్ళాలన్నా ఎక్కక తప్పని గుర్రం. ఆ కుర్రవాని తరువాత మరికొందరు వచ్చారు. ఇల్లు చాలక గదులు కట్టారు. కాసా దె పియెద్రా ర్యాంచి పాఠశాల అన్న పేరు స్థిరపడింది. కాలక్రమంలో అది వ్యవస్థాపకుని పేరుతోనే థాచర్ పాఠశాల అయింది.

తమ్ముడు విలియం లార్నెడ్ థాచర్ అన్నకు తోడుగా పాఠశాలలో పనిచేశాడు. యేల్‌లో పేరుపొందిన టెన్నిస్ ఆటగాడైన విలియం 1890 దశకంలో లోయలో ప్రారంభించిన టెన్నిస్ పోటీలు నేటికీ ది ఓహై అన్న పేరుతో జరుగుతున్నాయి. షెర్మన్ 1896లో బర్కిలీకి చెందిన ఎలిజా సీలీ బ్లేక్‌ను వివాహం చేసుకున్నాడు.

గుర్రపుసాలలో చదువు

థాచర్ పాఠశాల విద్యార్థులు చాలామంది సంపన్న కుటుంబాల పిల్లలు. తూర్పు నగరాలనుండి, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి పడమటి పట్టణాలనుండి వచ్చేవారు. ఇంట్లో పనివారు, బండి తోలేవారు ఉన్నవారు. అటువంటి పిల్లవానికి ఒక గుర్రాన్ని అప్పగించి, దాని బాధ్యత నీదే అనడం థాచర్ పద్ధతి. స్వారీ నేర్పడం ఇందులో ఒక భాగం మాత్రమే. తెల్లవారి లేచి, తాను తినడానికి ముందు గుర్రానికి మేత వేయాలి. నీళ్ళు పెట్టాలి. సాలలోని లద్దె ఎత్తి శుభ్రం చేయాలి. ఒళ్ళు మాలీసు చేయాలి, డెక్కలలో ఇరుక్కున్న రాళ్ళు తీయాలి, జీను, కళ్ళెం తుడిచి భద్రపరచాలి. సాయంత్రం మళ్ళీ ఇదే. తండ్రికి ఎన్ని మిల్లులున్నా గుర్రానికి ఆకలి ఆగదు కదా.

ఈ నియమానికి మూలం సిద్ధాంతం కన్న అవసరమే అని చెప్పుకోవాలి. 1890లలో లోయ చివరనున్న ఆ ఇంటినుండి ఊరిలోకి పోవాలన్నా, కొండలెక్కాలన్నా గుర్రం కావాలి. అవసరమైన ఆ పనిలో విద్యావిలువ ఉన్నదని గ్రహించడం, అవసరం తీరిపోయి మోటారుకార్లు వచ్చిన తరువాత కూడా దానిని వదలకపోవడం థాచర్ చేసినది. గుర్రపుస్వారీ పిల్లవాని అంతరంగానికి మేలు చేస్తుందన్న భావంతో ఆంగ్లంలో ఒక నానుడి ఉన్నది. పాఠశాలవారు దానిని ఎక్కువగా వ్యవస్థాపకునికి జోడిస్తారు గాని, అదే మాటను కొద్ది మార్పులతో ఇంకా పలువురి పేరున చెబుతారు.

గుర్రం దెబ్బలకు లొంగినట్లు కనిపించినా నమ్మదు. నిన్న చూపిన నిర్లక్ష్యం ఈరోజు దాని నడకలో తెలుస్తుంది. పుస్తకంలో పాఠం రాకపోతే ఉపాధ్యాయుని ఏమార్చవచ్చు, గుర్రాన్ని ఏమార్చలేరు. తప్పు పట్టి చూపడానికి అక్కడ ఉపాధ్యాయుడు కూడా అవసరం లేదు. మాటలతో నీతి బోధించడం కన్న ఈ మార్గం థాచర్‌కు నచ్చడానికి కారణం ఇదే కావచ్చు.

స్వారీకి కొనసాగింపుగా పర్వతయాత్రలు ఉండేవి. పాఠశాల వెనుక మొదలయ్యే కొండలు దాటితే సెస్పీ వాగు పరీవాహక ప్రాంతం. విద్యార్థులు ఉపాధ్యాయులతో కలిసి సామాను కంచరగాడిదలపై వేసుకొని రోజుల తరబడి అక్కడ గడిపేవారు. బరువు రెండు వైపులా సమంగా కట్టడం, పొయ్యి రాజేయడం, నీటి జాడ కనుక్కోవడం, వంట చేసుకోవడం అన్నీ పిల్లలే నేర్చుకోవాలి.

ఇదంతా చూసి ఇది పనిబడి అనుకోరాదు. పాఠశాల ముఖ్య లక్ష్యం చివరివరకు కళాశాల ప్రవేశమే. లాటిన్, గణితం, ఆంగ్లసాహిత్యం ఆ కాలపు తూర్పుతీర పాఠశాలల స్థాయిలోనే బోధించారు. లాటిన్ ఆచార్యుని కొడుకు ఆ విషయంలో రాజీపడలేదు.

ప్రధానోపాధ్యాయుడుగా

ఒక పాఠశాలను స్థాపించడం కన్న నలభై ఏళ్ళు నిలబెట్టడం కష్టమని ఆ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. థాచర్ పాఠశాలను కావాలనే చిన్నదిగా ఉంచాడు. ప్రతి విద్యార్థి స్వభావం తనకు స్వయంగా తెలిసేంత సంఖ్యే ఆయనకు సమ్మతం. విద్యార్థుల తల్లిదండ్రులతో ఉత్తర ప్రత్యుత్తరాలు, ఉపాధ్యాయుల నియామకం, తోట లెక్కలు, నీటి తగాదాలు, గుర్రాల కొనుగోలు అన్నీ ఆయన పనులే. 1913 జనవరిలో కాలిఫోర్నియా నారింజ తోటలను తీవ్రమైన మంచు దెబ్బతీసింది. ఆ ఏడాది రాష్ట్రమంతటా రైతులు కోలుకోలేని నష్టాలు చూశారు. అటువంటి సంవత్సరాలలో బడి తోటను కాపాడిందో, తోట బడిని కాపాడిందో చెప్పడం కష్టం.

సొంత ఆస్తిగా మొదలైన పాఠశాలను 1920 దశకంలో ధర్మకర్తల మండలి పాలనలోకి మార్చారు. వ్యక్తిపేరుతో నడిచే ప్రైవేటు పాఠశాలలు ఆ వ్యక్తితోనే ముగిసిపోవడం సర్వసాధారణం. థాచర్ పాఠశాల ఆయన తరువాత నిలవడానికి ఈ మార్పు ముఖ్యకారణం. ఆయన కుమారుడు ఆన్సన్ థాచర్ కూడా తరువాతికాలంలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు.

విద్యార్థులలో ప్రసిద్ధులు

నాటకకర్త, నవలాకారుడు థార్న్టన్ వైల్డర్ 1912-13లో ఇక్కడ చదివాడు. అంతకుముందు చైనాలోని ఒక మిషనరీ పాఠశాలలో ఉన్నాడు. తండ్రి అమెరికా దౌత్యాధికారి. ఆటలకన్న పుస్తకాలపైనా, నాటకాలపైనా మక్కువ ఉన్న ఈ బాలుడు గుర్రపుసాల క్రమశిక్షణలో సహజంగా ఇమిడినవాడు కాదు. అయినా రంగస్థలంతో పరిచయం ఇక్కడా కొనసాగింది. ఆస్కార్ వైల్డ్ నాటకంలో లేడీ బ్రాక్‌నెల్ పాత్రకు ఎంపికైనా, కొడుకు స్త్రీపాత్ర వేయడానికి తండ్రి ఒప్పుకోలేదు. మగపిల్లలు ఆడవేషం కట్టడం మామూలుగా సాగిన తెలుగు నాటకరంగ చరిత్ర తెలిసినవారికి ఈ అభ్యంతరం విచిత్రంగా తోస్తుంది. వైల్డర్ ఆ తరువాత మూడుసార్లు పులిట్జర్ బహుమతి పొందాడు. ఆయన అన్న ఎమోస్ వైల్డర్ కూడా ఇక్కడి విద్యార్థే, టెన్నిస్‌లో నేర్పరి.

విమానరంగంలోనూ, సినిమారంగంలోనూ పేరుపొందిన కోటీశ్వరుడు హొవార్డ్ హ్యూస్ 1920 దశకారంభంలో ఇక్కడ చదివాడు. 1922లో తల్లి మరణించినప్పుడు ఆయన ఈ పాఠశాలలోనే ఉన్నాడు.

ఇటువంటి ఇతర పాఠశాలలు

థాచర్ పాఠశాల తరువాత అమెరికా పశ్చిమభాగంలో ఈ తరహా పాఠశాలలు మరికొన్ని వెలిశాయి. 1910లో కర్టిస్ కేట్ శాంటాబార్బరా సమీపాన స్థాపించిన కేట్ పాఠశాల వాటిలో ఒకటి. 1917లో యాష్లీ పాండ్ న్యూమెక్సికోలో లాస్ అలమాస్ ర్యాంచి పాఠశాలను ప్రారంభించాడు. దీనిని ఎ.జె. కానెల్ చాలాకాలం నడిపాడు. అక్కడా ప్రతి బాలునికీ ఒక గుర్రం ఉండేది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఆ స్థలాన్ని అణుబాంబు తయారీ కోసం స్వాధీనం చేసుకోవడంతో 1943లో ఆ పాఠశాల మూతపడింది. అదే 1917లో ఎల్.ఎల్. నన్ కాలిఫోర్నియా ఎడారిలో స్థాపించిన డీప్ స్ప్రింగ్స్ కళాశాల నేటికీ నడుస్తున్నది. అక్కడ విద్యార్థులే పశువులను మేపి, పొలం దున్ని, కళాశాల పాలనలో పాల్గొంటారు.

జిడ్డు కృష్ణమూర్తి, ఓహై

1922లో జిడ్డు కృష్ణమూర్తి తన తమ్ముడు నిత్యానందతో కలిసి ఓహై చేరాడు. నిత్యానందకు క్షయ. ఇక్కడి పొడిగాలి మేలు చేస్తుందన్న ఆశతోనే వారిక్కడ ఆగారు. అంటే థాచర్‌నూ, కృష్ణమూర్తినీ ఈ లోయకు తెచ్చినది ఒకే విధమైన కారణం, తోబుట్టువు అనారోగ్యం. కృష్ణమూర్తి ఉన్న కుటీరం లోయ తూర్పు చివరనే, థాచర్ పాఠశాలకు కొద్ది దూరంలో, నారింజ తోటల మధ్య ఉన్నది. నిత్యానంద 1925లో అక్కడే కన్నుమూశాడు. కృష్ణమూర్తి దేశదేశాలు తిరిగినా ఓహై ఆయనకు స్థిరనివాసాలలో ఒకటిగా నిలిచింది. 1986 ఫిబ్రవరి 17న ఆయన అక్కడే మరణించాడు.

తరువాతికాలంలో ఈ చిన్న లోయలో పాఠశాలలు మరికొన్ని వచ్చాయి. 1946లో ప్రారంభమైన హ్యాపీ వ్యాలీ పాఠశాల (నేటి బెసంట్ హిల్ పాఠశాల) వ్యవస్థాపకులలో కృష్ణమూర్తి, ఆల్డస్ హక్స్‌లీ ఉన్నారు. కృష్ణమూర్తి భావాలతో 1975లో ఓక్ గ్రోవ్ పాఠశాల మొదలైంది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాలకు ఇది సోదర సంస్థ వంటిది. ప్రకృతి ఒడిలో చిన్న పాఠశాల అన్న బాహ్యరూపంలో థాచర్ పాఠశాలకూ వీటికీ పోలిక ఉన్నది గాని భావాలలో తేడా పెద్దది. థాచర్ బాధ్యత, పోటీ, కళాశాల ప్రవేశం అన్న చట్రంలో పనిచేశాడు. కృష్ణమూర్తి విద్యలో పోటీనీ, పోల్చిచూడడాన్నీ అంగీకరించలేదు.

విమర్శ

థాచర్ కృషికి పరిమితులు లేకపోలేదు. ఆయన కాలంలో పాఠశాల మగపిల్లలకే, అందులోనూ ఖర్చు భరించగల కుటుంబాలవారికే అందుబాటులో ఉండేది. బాలికల ప్రవేశం 1977లో గాని జరగలేదు. శారీరక శ్రమను గౌరవించడం నేర్పినా, ఆ శ్రమ మీదనే బ్రతికేవారి పిల్లలు ఆ తరగతులలో కనబడరు. గుర్రాన్ని సాకడం ఒకరికి శిక్షణ, మరొకరికి జీవనం. ఈ తేడా ఆ పాఠశాల స్వరూపంలోనే ఉన్నది. నేటికీ అది ఖరీదైన విద్యాసంస్థే. అయితే ఆర్థికసహాయం పొంది చదివే విద్యార్థులు కూడా ఇప్పుడు ఉన్నారు.

విద్యార్థులపై కొన్ని దశాబ్దాలలో జరిగిన లైంగిక దుష్ప్రవర్తనను గురించి స్వతంత్ర న్యాయవాదులు జరిపిన విచారణ నివేదికను పాఠశాల 2021లో ప్రకటించింది. అవి వ్యవస్థాపకుని మరణానంతరం చాలాకాలానికి జరిగిన విషయాలు. కాని ఊరికి దూరంగా, కుటుంబం వలె నడిచే ఆశ్రమపాఠశాలలలో పిల్లల రక్షణకు పెద్దల మంచితనం ఒక్కటే చాలదన్న చర్చకు అవి దారితీశాయి.

మరణము, తరువాతి కాలము

షెర్మన్ థాచర్ 1931లో మరణించాడు. ఆయన జీవితచరిత్రను లెరాయ్ మేక్‌పీస్ రచించగా 1941లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది.

ప్రస్తుతం పాఠశాల 400 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో, సుమారు 250 మంది విద్యార్థులతో నడుస్తున్నది. కొత్తగా చేరినవారు మొదటి సంవత్సరమంతా ఒక గుర్రాన్ని సాకవలసిందే. 2017 డిసెంబరులో చెలరేగిన థామస్ దావానలం వెంచురా, శాంటాబార్బరా జిల్లాలలో 2,80,000 ఎకరాలకు పైగా దహించి, ఓహై లోయను మూడువైపులా చుట్టుముట్టింది. పాఠశాల వెనుకనున్న కొండలు, పర్వతయాత్రల దారులు కాలిపోయాయి. వానలు పడ్డాక ఆ దారులను మళ్ళీ బాగుచేయవలసి వచ్చింది.